రెండు చేతుల మర్యాద

క్వేకర్స్ హిల్‌లో నేను అద్దెకున్న ఇంటి అంకుల్‌కి ఒంటి చేత్తో నమస్కారం పెట్టడం చేతకాదు. పెద్దవాళ్ళు ఎదురైతే చాలు, చేతిలో ఏమున్నా వదిలేసి రెండు చేతులూ జోడించేవాడు. మనవాళ్ళ హోటళ్ళుండే హారిస్ పార్క్‌లో ఒకసారి అలా వదిలేసిన టీ నా చొక్కా తాగింది.

ఆయన పిచ్చల్లా గాలం వేయడమే. చేప తెచ్చినప్పుడల్లా ఆంటీ, "మీరు పట్టే చేపలకి ధర స్టిక్కర్ ఎందుకుంటుందండీ?" అనేది. ఆ నోరు మూయించాలని, టార్పన్ చేపను పట్టి దానితో ఫోటో దిగాలని, నన్ను వెంటేసుకుని ఎక్కడో ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న కెయిర్న్స్ దాకా వచ్చాడు.

"చేప పైకెగిరితే బౌ చెయ్యి, మేట్" అన్నాడు పడవ నడిపే తెల్లాయన. అంటే, గాలం కర్రను చేపవైపు వంచి దారం వదులు చెయ్యాలని. లేకపోతే తెగిపోతుందట. అంకుల్‌కి తెలిసిన బౌ వేరు.

మధ్యాహ్నానికి చేప తగిలింది. వెండి పళ్ళెంలా గాల్లోకి లేచింది.

"బౌ! బౌ!" అని తెల్లాయన అరిచాడు.

అంకుల్ కర్ర వదిలేసి, రెండు చేతులూ జోడించి, నడుం దాకా వంగాడు. చేప నీళ్ళలో పడింది. దాని వెనకే కర్రా పోయింది.

"అంకుల్, కర్ర!"

"ఒంటి చేత్తో ఎలా పెడతాన్రా? ఏమనుకుంటుంది?"

ఇంటికి రాగానే ఆంటీ గుమ్మంలోనే ఆపింది. "ఏదండీ చేప?"

"దణ్ణం పెట్టి పంపించేశాను."

"మరి గాలం కర్రో?"

అంకుల్ తీరిగ్గా చెప్పులు విప్పాడు. "దాన్ని సాగనంపడానికి వెళ్ళింది."