స్తంభానికి చెవి పెట్టే మాస్టరు

శంకర్‌పల్లి స్టేషన్‌లో రేకుల కప్పును నాలుగు ఇనుప స్తంభాలు మోసేవి. అవి లోపల బోలు. స్టేషన్ మాస్టరు రోజూ ఒక్కోదాన్ని కర్రతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. యుద్ధం నడుస్తున్న రోజులవి.

చేవెళ్ల నుంచి బండి మీద ఎండుమిర్చి బస్తాలు తెచ్చే మా బాపుకు అనుమానం ముదిరింది. "మనం మాట్లాడేదంత గా గొట్టంలకెళ్లి ఇంటుండు బిడ్డా. వాడు సర్కారు మనిషి" అని, తన తువ్వాలను ఒక స్తంభం అడుగునున్న రంధ్రంలో కుక్కేశాడు.

కాసేపటికే వాన దంచికొట్టింది. కప్పు మీది నీళ్లు దిగాల్సింది ఆ స్తంభాల్లోంచేనట! దారి లేక పైనుంచి పొంగి మా బస్తాల మీదే పడ్డాయి. మాస్టరు పరుగున వచ్చి స్తంభాలన్నిటికీ చెవి పెట్టాడు. చప్పుడు లేని స్తంభం దగ్గర కూర్చుని తువ్వాల బయటికి లాగాడు. కారంతో ఎర్రబారిన ఆ గుడ్డను పిండి, నేరుగా బాపు చేతిలో పెట్టాడు.

"సేటూ, గిది మీదే గద. జర ఆరేసుకోండ్రి."

ఇంటికి వెళ్లే దారంతా బాపుది ఒకటే గొణుగుడు: "గంత మందిల నాదే అని ఎట్ల తెలిసింది వానికి? నేను చెప్పలే? వాడు అన్నీ ఇంటడు!"