లైసెన్సు వెతుక్కుంటూ చంద్రపూర్ దాకా

ఇంకో రెండు రోజుల్లో మూతపడబోయే కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టుకుని, శనివారం పొద్దున ఆరుంబావు ప్యాసింజర్ కోసం కాగజ్‌నగర్ స్టేషన్లో నిలబడ్డాను. ఈ వయసులో ఇదొక ఖర్మ.

కాగజ్‌నగర్‌లో నాది టైపు ఇన్‌స్టిట్యూట్. టైపు మిషన్ల రోజులు పోయాయని మూడేళ్ళ కిందట కంప్యూటర్లు పెట్టాను. ఈసారి కంప్యూటర్ టైపు పరీక్ష మా దగ్గరే పెట్టిస్తామని పై ఆఫీసువాళ్ళన్నారు. సోమవారం తనిఖీ. సాఫ్ట్‌వేర్‌కి అసలు లైసెన్సున్న మిషన్ ఒక్కటైనా చూపించాలి, లేకపోతే మా పిల్లలు ఆదిలాబాద్ వెళ్ళి పరీక్ష రాయాలి. పంతొమ్మిది మందిలో ఏడుగురు ఆడపిల్లల్ని ఇళ్ళల్లో అంత దూరం పంపరు. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

కొత్తది కొనే తాహతు లేక చంద్రపూర్‌లో సెకండ్‌హ్యాండ్ మిషన్ కొన్నాను. డబ్బా పక్కన లైసెన్సు స్టిక్కరు నిగనిగలాడుతూ ఉంది. అందులోని ఇరవై అయిదు అక్షరాలూ కొడితే సాఫ్ట్‌వేర్ ఎక్కింది. ముప్ఫై రోజుల్లోగా కంపెనీకి ఫోన్ చేసి ఖాయం చేసుకోమంది, లేకపోతే మూతపడతానంది. కంప్యూటర్ తన లోపలి సామాన్లన్నీ లెక్కేసుకుని తెర మీద పొడుగాటి అంకె చూపిస్తుంది. దాన్ని ఫోన్లో చదివితే వాళ్ళు ఇంకో అంకె చెప్తారు, అది కొడితే సరి. నేను చదివాను. అవతలి అబ్బాయి, “మేడమ్, ఈ లైసెన్సు ఇంకో మిషన్ మీద నడుస్తోంది. దాంట్లోంచి తీసేశాక ఫోన్ చెయ్యండి” అన్నాడు. ఆ ఇంకో మిషన్ ఎక్కడుందంటే ఆ అబ్బాయికేం తెలుసు!

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. కిటికీ పక్కన కూర్చున్న ముసలామె నా ఒళ్ళోకి తొంగి చూసింది.

“గదేంది బిడ్డా, గ్రైండరా?”

“కంప్యూటర్ పెద్దమ్మా.”

“చెడిపోయిందా?”

“చెడిపోలేదు. బాగానే ఉంది, కానీ పని చెయ్యనంటోంది.”

“మా పెద్దోని తీర్గనే ఉన్నది” అని ఆమె మళ్ళీ కిటికీలోంచి చూడసాగింది. నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

వార్ధా నది దాటి బల్లార్షా చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడా మా ఊళ్ళోలాగే కాగితం మిల్లు వాసన. ఇంట్లోంచి బయల్దేరినట్టే లేదనిపించింది. స్టేషన్ బయట తర్రి అనే ఎర్రటి కారం పులుసు పోసిన అటుకుల పోహా తిన్నాను. పొద్దున్నే అంత కారం ఎలా తింటారో వీళ్ళు! తొమ్మిదింటి బస్సులో సీటు దొరకలేదు. డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడితే కండక్టర్ దానికీ టికెట్ కొట్టాడు.

చంద్రపూర్ జట్‌పురా గేటు దగ్గర దిగేసరికి పది. నాకు మిషన్ అమ్మిన దుకాణం పదకొండింటికి గానీ తెరవరు. మెట్ల మీద కూర్చుంటే చీర మీద బొగ్గు నుసి పడింది. కొత్తగా వెళ్ళేవాళ్ళు తెల్లబట్టలు కట్టుకోకండి.

దుకాణం వాసుదేవ్ భావూది. మరాఠీలో భావూ అంటే అన్న, తాయీ అంటే అక్క. తెలుగువాళ్ళు ఎక్కువగా వస్తారని తెలుగు నేర్చుకున్నాడు. కరెంటు ప్లాంట్లవాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తే లాట్లుగా కొంటాడు. వాటినెలా అమ్ముతాడో ఆ రోజే కళ్ళారా చూశాను. వచ్చినవి వచ్చినట్టే విప్పేస్తారు. డబ్బాలన్నీ కడిగి ఒక పక్క, మదర్‌బోర్డులు గోనెసంచుల్లో, హార్డ్‌డిస్కులు ట్రేలో. గిరాకీ వచ్చాక ఏది చేతికందితే అది కలిపి బిగిస్తారు. స్టిక్కరు మాత్రం డబ్బాతోనే పోతుంది. కంపెనీవాళ్ళ లెక్కలో ముఖ్యమైంది బోర్డు. ఈయన లెక్కలో కంప్యూటర్ అంటే డబ్బా.

“తాయీ, స్టిక్కరు చింపలేదు గదా నేను! అసలుదే ఇచ్చిన” అన్నాడు.

“అసలుదే. దాని బోర్డు ఎవరికిచ్చారు?”

పుస్తకం తిప్పితే తేలింది. ఆ లాట్లో ఒక్క మిషన్ బోర్డూ డిస్కూ మాత్రమే జంటగా పోయాయట, విసాపూర్‌లో ఉండే ఓదేలుకి. నా లైసెన్సు నడుస్తున్న ఆ ఇంకో మిషన్ అదేనన్నమాట.

“వేరే డబ్బా తీస్కపో తాయీ, స్టిక్కరు ఉన్నదే” అన్నాడు.

“దాని బోర్డు ఎవరింట్లో ఉంది?”

ఆయన చాయ్ తెప్పించాడు. తాగి లేచాను.

ఆటోలో విసాపూర్ చేరేసరికి పన్నెండున్నర. ఓదేలు ఇల్లు దొరకడం కష్టం కాలేదు. కరీంనగర్ వైపునుంచి గని పనికి వచ్చిన కుటుంబం. గనిలో కాలు నలిగి నౌకరీ పోయాక, ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని గనుల వాళ్ళకు మరాఠీలో పింఛను అర్జీలు, నష్టపరిహారం అర్జీలు కొట్టిపెడతాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం మాత్రం కూడబలుక్కుని. గుమ్మం ముందు నలుగురు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు.

సంగతంతా చెప్పాను. మొహం పాలిపోయింది పాపం.

“తీసేస్తే నా రోజెట్ల గడుస్తదక్కా?”

తీసెయ్యమని గట్టిగా అడగాలనే బయల్దేరాను. దారంతా మాటలు కూర్చుకున్నాను కూడా. కానీ కుర్చీ పక్కనే ఊతకర్ర, గుమ్మంలో ఆ నలుగురు. అడగడం మానేశాను. ఆయన భార్య అన్నం, చారు, మిరపకాయ ఠేచా పచ్చడి పెట్టింది. తింటూ నా పిల్లల సంగతి చెప్పాను, ఆ ఏడుగురి సంగతి కూడా.

ఓదేలు తేలిగ్గా నవ్వాడు. “గింతేనా? తీసేసినమని ఫోన్ల చెప్పు. నాది నడుస్తనే ఉంటది. వాళ్ళేమన్న విసాపూర్ దాకా వచ్చి చూస్తరా?”

నిజమే కదా! ప్రాణం లేచొచ్చింది. అంకె చూడాలంటే నా డబ్బాకు తెర కావాలి. ఆయన తెర విప్పి తగిలిద్దామని వెనక్కి వంగాను. ఆయన డబ్బాకు పక్క మూత లేదు, లోపల బోర్డు కనిపిస్తోంది. దాని మీద చిన్న డబ్బీల్లాంటి కండెన్సర్లు నాలుగు ఉబ్బి ఉన్నాయి, ఒకటి పైన పగిలి ఉంది. ఇలాంటి బోర్డులు నా దగ్గర రెండు పోయాయి. ఇంకో మూడు నెలలు నడిస్తే గొప్ప. అప్పుడు బోర్డు మార్చాలి, మారిస్తే సిస్టమ్ మళ్ళీ ఫోన్ చెయ్యమంటుంది. ఈయన చేస్తే, లైసెన్సు ఇంకో మిషన్ మీద, అంటే నా దాని మీద, నడుస్తోందంటారు. నాకు చెప్పిన మాటే.

తెర నా డబ్బాకు తగిలించి, అంకె రాసుకుని పక్కనున్న ఎస్‌టీడీ బూతుకి వెళ్ళాను. ఆదివారం వాళ్ళ ఫోన్ పలకదు, ఇక ఇదే ఆఖరు. ఓదేలు కుంటుకుంటూ వెనకాలే వచ్చాడు. ఉచిత నంబరుకి గంటసేపు లైను పట్టుకుంటారని బూతాయన విసుక్కున్నాడు. అంకెలన్నీ చదివాను. ఈసారి ఒక అమ్మాయి.

“పాత మిషన్లోంచి తీసేశారా మేడమ్?”

ఓదేలు నా వైపు చూసి చెయ్యూపాడు, చెప్పమన్నట్టు.

“లేదమ్మా. అది అక్కడే నడుస్తోంది. లైసెన్సు వాళ్ళదే” అన్నాను.

“అయితే మీకు ఇవ్వలేం మేడమ్.”

ఫోన్ పెట్టేశాక ఓదేలు నా మీద విరుచుకుపడ్డాడు. “ఏందక్కా గిట్ల జేస్తివి! పోరగాండ్ల బతుకు ఆగం జేస్తివి గదా! నేనే చెప్పమంటి!”

ఇంటికి తీసుకొచ్చి కండెన్సర్లు చూపించాను. చాలాసేపు వంగి చూశాడు. నా డబ్బా మీది అక్షరాలన్నీ పెద్దగా కాగితం మీద రాసిచ్చాను. బోర్డు పోయిన రోజు ఈ అక్షరాలు చదివి, బోర్డు చెడిపోయి మార్చానని చెప్పమన్నాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు మడిచి జేబులో పెట్టుకుని, బల్లార్షా ఆటో దాకా నా డబ్బా తనే మోస్తానన్నాడు. కుంటి కాలితో ఏం మోస్తాడు? వద్దన్నా వినలేదు, ఒక చెయ్యి వేశాడు.

నాలుగున్నరకి బల్లార్షాలో బండెక్కాను. సీటు దొరికింది. కాళ్ళు పీకుతున్నాయి. చంద్రపూర్‌లో సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళకు ఒక్క మాట: స్టిక్కరు చూసి మురిసిపోకండి. బోర్డూ డబ్బా ఒకే మిషన్‌వి అవునో కాదో ముందు అడగండి. వాసుదేవ్ భావూ మోసగాడు కాదు, చాయ్ కూడా ఇప్పిస్తాడు, కానీ ఆయనకే తెలియదు.

సిర్పూర్ దాటాక చీకటి పడింది. సోమవారం వచ్చే అధికారికి ఏం చెప్పాలా అన్న దిగులు నాకు లేదు. లేదని చెప్తే రాసుకుని పోతాడు. రేపు ఆదివారం క్లాసుంది. పరీక్ష ఇక్కడే అన్న సంతోషంలో ఈమధ్య ఆ ఏడుగురూ అరగంట ముందే వస్తున్నారు.