పేరడగని వదిన

జూలై ఏడో తేదీ, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, జగ్గయ్యపేటలోని నా అద్దె ఇంటి వంటగదిలో గోంగూర వలుస్తూ, మా అమ్మ నన్ను తాను కనలేదని చెప్పింది. గడియారం వైపు ఎందుకు చూశానో తెలియదు. పీరియడ్ల ప్రకారం బతికే ఉపాధ్యాయురాలి అలవాటు కావచ్చు. నాన్నగారి సంవత్సరీకం ముందురోజే ముగిసింది. ఆయన ఉండగా చెప్పనని మాటిచ్చిందట. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనని ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్నాను. ఏ ఇల్లు అని ఆ రోజు నుంచి నన్ను నేనే అడగవలసి వచ్చింది.

జరిగింది ఇది. ముప్పై నాలుగేళ్ల క్రితం నందిగామ దగ్గర మా ఊరికి మిరపకోతలకు వచ్చిన ఒక కూలిమనిషి, మా కల్లం పక్కన గుడిసెలో నన్ను కన్నది. భర్త పోయాడు, వెంట మరో ఇద్దరు పిల్లలు. పదకొండో రోజున నన్ను అమ్మ ఒడిలో పెట్టింది. మరుసటి ఏడు వచ్చి దూరం నుంచి చూసి వెళ్లిందట. ఆపైన రాలేదు.

"పేరేంటమ్మా?" అన్నాను.

"వదినా అనేదాన్నే."

మా ప్రాంతంలో బస్సు కండక్టరు టికెట్టు కొట్టేలోగా బాబాయి అయిపోతాడు. మజ్జిగ అమ్మే ఆమె రెండో గ్లాసుకు పిన్ని అవుతుంది. ఈ మర్యాదను నేను పిల్లలకు పాఠంగా కూడా చెప్పాను. అదే నాకు అడ్డుగోడ అవుతుందని ఊహించలేదు.

అమ్మను వెంటబెట్టుకుని నందిగామలో మేనత్త ఇంటికి వెళ్లాను. ఆ రోజుల్లో నాకు నీళ్లు పోసింది ఆవిడే.

"పేరా? నేనేమన్నా నీలాగా టీచర్నా, హాజరు పిలవటానికి? అక్కా అనేదాన్ని."

"అక్కేంటొదినా, నీకన్నా చిన్నది," అంది అమ్మ.

"చిన్నదైతే? నీకు వదినైతే నాకు అక్క కాకేమవుద్దే?"

వాళ్లిద్దరూ వేళ్లు మడుస్తూ అరగంట వాదించుకున్నారు. వరసలు అద్భుతంగా కుదిరాయి. చివరికి అత్తయ్య ఒళ్లంతా ఊగేలా నవ్వి, "ఆ లెక్కన నీకు మేనత్తవుద్దే అమ్మాయ్!" అంది. నన్ను కన్న మనిషి నాకు మేనత్త.

"నాకు వరస వద్దత్తయ్యా, పేరు కావాలి!" అని అరిచాను. పెద్దవాళ్ల మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. అత్తయ్య నవ్వు ఆగిపోయింది. కాఫీ తెచ్చిపెట్టి, ఎదురుగా కూర్చోకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడు మిరపకోతలకు కూలీలను తెచ్చిన ముఠా మేస్త్రి కీసరలో ఉన్నాడని తెలిసి అక్కడికీ వెళ్లాం. చూపు మందగించిన ఆ పెద్దాయన ఎంతో ఆలోచించి, "మధిర అవతలోళ్లండి. అందర్నీ చెల్లెమ్మా అనేవాణ్ణి," అన్నాడు. ఏ ఊరంటే చెయ్యి ఉత్తరం వైపు చాచాడు. ఆ చేతి కింద ఎన్ని ఊళ్లున్నాయో ఎవరు చెప్పగలరు?

తిరుగు బస్సులో నా కోపమంతా అమ్మ మీదికి మళ్లింది. "పదకొండు రోజులు పక్కనే ఉంటే పేరడగలేకపోయావా?"

అమ్మ కిటికీ వైపు తిరిగి, "మర్చిపోయి కాదే. పేరు తెలిస్తే ఎప్పటికైనా పిలవాల్సొచ్చిద్దని అడగలా. పిలిస్తే నిన్ను తీసుకెళ్లిద్దిగా," అంది. నా కోపం మాత్రం పోలేదు.

ఆమె ఇంకా దొరకలేదు. మారింది ఒక్కటే: ఇప్పుడు వెతికేది ఇద్దరం. ఫిబ్రవరి వచ్చినప్పటి నుంచి సెలవు రోజుల్లో మధిర వైపు నుంచి కూలీలు వచ్చిన చేలకు వెళుతున్నాం. నాకన్నా ముందే అమ్మ గట్టు దిగి, ఒక్కొక్కరినీ పేరడిగి, వాళ్ల అమ్మల పేర్లూ, ఆ అమ్మలెప్పుడైనా మా ఊరికి కోతలకు వచ్చారా అనీ అడుగుతోంది. వంగి కాయ కోస్తున్న వాళ్లందరూ నాకంటే చిన్నవాళ్లు; నేను వెతుకుతున్న మనిషి చేలోకి వచ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది.