టెలిగ్రాములో ఒక్క అంకె

2025 నవంబరు తొమ్మిదో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. రాత్రి మొదలైన తుంపర ఇంకా ఆగలేదు. కొండ దిగి వచ్చిన ఒక కుటుంబం నా ముందు సీట్లలో సర్దుకుంది. తండ్రికీ ఇద్దరు కొడుకులకూ గుండ్లు. గుండ్లకు పూసిన చందనం వానకు తడిసి చెవుల వెనక సన్నగా కారుతోంది. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతట అదే నా తలమీదికి పోయింది. 1981 అక్టోబరు పద్నాలుగో తేదీ, బుధవారం మధ్యాహ్నం, కువైట్ విమానాశ్రయంలో ఒక ఇనుప బెంచీ మీద నన్ను కూర్చోబెట్టినప్పుడు నా తల నుంచి వచ్చిన వాసన ఇదే. జ్ఞాపకాన్ని నేను ఊరికే నమ్మను. ఆ తేదీ ముద్ర నా పాత పాస్‌పోర్టులో ఉంది కాబట్టే ఇంత ఖచ్చితంగా రాయగలుగుతున్నాను. ఆ ముద్ర పడటానికి కారకుడైన దొరస్వామి మేస్త్రి పదకొండు రోజుల కిందట, ఎనభై ఎనిమిదో ఏట పోయాడు. నేను బస్సెక్కింది ఆయన పెద్దకర్మకు వెళ్ళడానికే.

దొరస్వామి మేస్త్రిది పుత్తూరు. పైపులైన్ల పనిలో ఆరితేరినవాడు. అప్పటికే రెండుసార్లు కువైట్ వెళ్ళి వచ్చాడు. మూడోసారి వెళ్ళేటప్పుడు ఆరుగురు మనుషుల్ని వెంట తెమ్మని అక్కడి కంపెనీ ఆయనకు చెప్పింది. ఆ ఆరుగురిలో నేనొకణ్ణి. నా వయసు ఇరవై ఆరు. రేణిగుంట దగ్గర నేను స్టోర్‌కీపరుగా ఉన్న ఫ్యాక్టరీ మూతపడి ఏడాది దాటింది. మా నాయన పక్షవాతంతో మంచం పట్టి ఉన్నాడు. ఈ ఉద్యోగం తప్పితే నాకు ఇంకో దారి కనిపించలేదు. మేస్త్రి నన్ను ఎంచుకున్నది నా చదువు చూసి కాదు. మా ఫ్యాక్టరీకి ఒకసారి పనిమీద వచ్చినప్పుడు నేను బోల్టులు లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం చూశాడట. "రెండుతూర్లు ఎంచేవోడు నాకు కావాల" అన్నాడు. అప్పట్లో దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఎంచడం అనే మాటకు నేననుకునే అర్థం వేరు, ఆయన అర్థం వేరు అని తెలియడానికి ఒక సముద్రం దాటవలసి వచ్చింది.

ప్రయాణానికి వారం ముందు ఆయన మాచేత ఒక విచిత్రమైన అభ్యాసం చేయించాడు. ఆరుగురినీ రేణిగుంటలో బస్సెక్కించి, తిరుపతి బస్టాండులో దించి, దాన్నే పరదేశపు విమానాశ్రయంగా భావించమన్నాడు. జనం మధ్య మా ట్రంకుపెట్టెలూ మేమూ వరుసగా నిలబడ్డాం. పూలమ్మే ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"ఇది బస్సనుకోబాకండి. ఇమానం దిగినారు. ఎవురి పెట్టె వాళ్ళ చేతిలో ఉండాల. కాయితాలు సొక్కా లోపల ఉండాల. ముందుండేవోడు ఎనకుండేవోని పేరు సెప్పాల. ఊ, సెప్పండి."

మాలో శ్రీకాళహస్తి నుంచి వచ్చిన వడ్రంగి గోవిందుకు నోరు ఊరుకోదు. "మేస్త్రీ, ఆడ గూడా కండక్టరు టికెట్టు అడగతాడా?"

"అడగడు. నీ మొగం సూస్తాడు. అది సూసి యాడ ఎనక్కి పంపేస్తాడో అనే నా బయం."

అందరం నవ్వాం. ఆ మాట గోవిందుకు కాక నాకు తగలబోతున్నదని ఎవరికి తెలుసు. ఆ తర్వాత మేస్త్రి అసలు నియమం చెప్పాడు. లోపల ఒక్కడు చిక్కుకున్నా మిగతావాళ్ళెవరూ గుమ్మం దాటకూడదు. ఏడుగురం ఒకచోట చేరాక, అన్నం కన్నా ముందు, బస కన్నా ముందు, ఊరికి టెలిగ్రాం ఇవ్వాలి. ఏడిళ్ళకు ఏడు అక్కర్లేదు. పుత్తూరులో ఆయన బావమరిది సైకిలంగడికి ఒక్కటే వస్తుంది. అందులో పేర్లుండవు, ఎంతమంది చేరామో ఆ అంకె ఒక్కటే ఉంటుంది. అక్కడినుంచి బస్సు కండక్టర్ల నోటిమాటగా కబురు శ్రీకాళహస్తికీ తిరుపతికీ పోతుంది. ఆ అభ్యాసం చూడటానికి వచ్చిన మా అమ్మకు ఇది నచ్చలేదు.

"పేరు లేకపోతే నా కొడుకు సంగతి నాకెట్ల తెలస్తాది?" అని అడిగింది.

"ఏడు అని వస్తే నీ కొడుకు దాంట్లో ఉన్నట్టే గదక్కా" అన్నాడు మేస్త్రి.

ఇంత మంచి ఏర్పాటు చేసిన మనిషే ఒక పొరపాటు కూడా చేయించాడు. మొదటిసారి సముద్రం దాటేవాళ్ళు స్వామికి తలనీలాలు ఇచ్చి బయల్దేరాలన్నాడు. మాకెవరికీ అది కొత్తగా తోచలేదు. మా వైపు ఏ పెద్ద పని తలపెట్టినా ముందు కొండకు పోవడం ఉన్నదే. కళ్యాణకట్టలో నా వంతు వచ్చినప్పుడు మంగలి మీసం దగ్గర కత్తి ఆపాడు. మేస్త్రి పక్కనుంచి, "అదీ తీసేయ్ అబ్బా. స్వామికి సగం సగం ఇయ్యగూడదు" అన్నాడు. ఆయనకు యౌవనంలోనే తల పూర్తిగా బట్టతలైంది. మీసం పెంచే అలవాటు లేదు. ఆయన పాస్‌పోర్టు ఫోటోలోనూ బోడితలే. అందుచేత రెండు ప్రయాణాల్లోనూ ఆయనకు ఎదురుకాని చిక్కు ఆయన ఊహకు అందలేదు. నా ఫోటోలో మాత్రం అప్పటి ఫ్యాషను ప్రకారం చెవులు కప్పిన జుట్టు, పెదవి అంచులు దాటి కిందికి దిగిన మీసం ఉన్నాయి.

కువైట్‌లో దిగేసరికి అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. విమానం మెట్లమీద అడుగుపెట్టగానే వేడిగాలి ముఖాన కొట్టింది. విమానంలో గుండ్లకు చలి తగలకుండా బొంబాయిలో చుట్టుకున్న తువ్వాళ్ళు అలాగే ఉన్నాయి. లోపల జనం మమ్మల్ని మూడు వరుసల్లోకి తోశారు. మేస్త్రీ, గోవిందూ, మిగిలిన నలుగురూ వేర్వేరు అధికారుల ముందునుంచి ఒక్కొక్కరే దాటిపోయారు. ఒకరి కనుబొమ మీద పాత గాటు, ఒకరి గడ్డం మీద పుట్టుమచ్చ, ఏదో ఒక గుర్తు వాళ్ళను దాటించింది. నా వరుసలోని అధికారి తువ్వాలు తీయమని సైగ చేశాడు. తీశాను. పాస్‌పోర్టును నా చెంప పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. ఎవరినో పిలిచాడు.

వచ్చినవాడు అక్కడ పనిచేసే మలయాళీ. తమిళంలో మాట్లాడాడు. చిత్తూరు జిల్లా వాణ్ణి కాబట్టి నాకు అర్థమైంది. ఫోటోలోని మనిషి వేరు, నువ్వు వేరు అని సారు అనుమానిస్తున్నారు అన్నాడు. నా పేరు, పుట్టిన తేదీ, నాయన పేరు, పుట్టిన ఊరు తడబడకుండా చెప్పాను. చెబుతూ ఉండగానే అర్థమైంది, అవన్నీ పాస్‌పోర్టులో ఉన్నవే. దాన్ని దొంగిలించినవాడైనా అంత బాగా అప్పజెప్పగలడు. అంతవరకూ నా పక్షాన నిలిచిన తేదీలూ అంకెలూ ఆ రోజు నాకు సాక్ష్యం చెప్పలేకపోయాయి. సంతకం చేయమన్నారు. చేశాను. చివర గీసే తోక వంకరపోయింది. అధికారి రెండు సంతకాల మీదా చెరో వేలు ఉంచి, బెంచీ చూపించాడు. వచ్చిన విమానమే ఐదింటికి తిరిగి బొంబాయి పోతుందనీ, ఈలోగా రుజువు దొరక్కపోతే నన్ను అందులో ఎక్కిస్తారనీ మలయాళీ చెప్పాడు. అద్దాల గోడ బయట ఆ విమానానికి ఇంధనం పడుతున్నారు. గోడ గడియారంలో మూడున్నర అయింది.

బెంచీ మీదనుంచి చూస్తే హాలు అవతలి చివర, బయటికి పోయే గుమ్మం పక్కన, పెట్టెల మీద కూర్చున్న ఆరుగురు కనిపిస్తున్నారు. నేను వాళ్ళనే చూస్తూ ఉన్నాను. ఏ క్షణాన లేచి వెళ్ళిపోతారో అని నా భయం. వెళ్ళిపోతే తప్పుపట్టడానికి లేదు, వాళ్ళ ముద్రలు వాళ్ళకు పడ్డాయి. గుమ్మం దగ్గర కంపెనీ డ్రైవరు, అతను తమిళుడు, చేతులు ఊపుతూ మేస్త్రితో వాదిస్తున్నాడు. ఆ మాటలు నాకు వినపడలేదు. తర్వాత గోవిందు చెప్పాడు. డ్రైవరు ఆరుగురినీ వ్యాను ఎక్కమన్నాడట, ఏడోవాడి సంగతి రేపు కంపెనీ చూసుకుంటుంది, లేకుంటే బండి పోతుంది అన్నాడట.

"పోనీ. ఆరుగురు చేరినామని టెలిగ్రాం కొడితే ఆ పొద్దు ఏడిండ్లలో ఏడుపు. యా ఇంటి బిడ్డ తగ్గినాడో వాళ్ళకెట్ల తెలస్తాది?" అన్నాడట మేస్త్రి.

"అయితే తగ్గినవాడి పేరు రాయండి" అన్నాడట డ్రైవరు.

"పేరు రాస్తే ఒగ ఇల్లే ఏడస్తాది. అది మేలంటావా?"

వ్యాను పోయింది. వాళ్ళు పెట్టెల మీద మళ్ళీ కూర్చోవడం చూశాను. నాకు ధైర్యం రాలేదు, భయం ఇంకా పెరిగింది. ఇప్పుడు నా ఒక్కడి గుండు ఏడుగురినీ ఎడారిలో నిలబెట్టింది అనిపించింది.

నాలుగు దాటాక మేస్త్రి లేచి, కాపలావాడు ఆపేదాకా మా వైపు వచ్చి నిలబడ్డాడు. నన్ను చూశాడు. వెనక్కి తిరిగి ఆ అయిదుగురినీ చూశాడు. ఒక చెయ్యి తన బట్టతల మీద నెమ్మదిగా రాసుకున్నాడు. తన వల్ల జరిగినదేమిటో అప్పుడే తట్టిందని చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పాడు. మలయాళీని పిలిచి తమిళంలో ఒకటే అడిగాడు: మా వాళ్ళు మూడు వరుసల్లో వచ్చారు, అందర్నీ ఒకేచోట చూసిన అధికారి ఒక్కరైనా ఉన్నారా? లేరు. అయితే ఆ అయిదుగురినీ వెనక్కి రానివ్వమన్నాడు. ముద్ర పడినవాళ్ళు వెనక్కి రావడం అక్కడ ఎవరూ ఎరుగరు. మలయాళీ తటపటాయించాడు, అధికారి విసుక్కున్నాడు, చివరికి గడియారం చూసి తల ఊపాడు.

అయిదుగురూ ఆ అధికారి ముందు నా పక్కన వరుసగా నిలబడ్డారు. "తువ్వాళ్ళు తీయండబ్బా" అన్నాడు మేస్త్రి. తీశారు. ఒక్కసారిగా హాలంతా చందనం వాసన. మేస్త్రి చేతులు కట్టుకోలేదు, బతిమాలలేదు. తమిళంలో చెప్పాడు, మలయాళీ దాన్ని అరబ్బీలోకి మార్చాడు. దాని సారాంశం ఇంతే: ఒక్కడి జుట్టు పోతే అది వేషం కావచ్చు. వీళ్ళందరూ మా ఊరి దేవుడికి ఒకే రోజు జుట్టిచ్చారు. ఇయ్యమన్నది నేను. ఎవరినైనా వెనక్కి పంపాలంటే నన్ను పంపండి.

అధికారి అయిదు పాస్‌పోర్టులూ తీసుకుని ఒక్కొక్కటే తెరిచాడు. ప్రతి ఫోటోలోనూ దట్టమైన జుట్టు, ఎదురుగా గుండు. చివరికి మేస్త్రి పాస్‌పోర్టు తెరిచాడు. ఫోటోలో బోడితల, ఎదురుగా అదే బోడితల. ముఖం మారకుండా ఏదో అన్నాడు. మలయాళీ నవ్వు ఆపుకుంటూ, "ఈ గుంపులో నిజం చెప్పిన తల ఇదొక్కటే అంటున్నారు" అన్నాడు. నా ముందుకు మళ్ళీ కాగితం జరిపారు. నా భుజానికి గోవిందు భుజం ఆనుకుని ఉంది. ఈసారి సంతకం తోక సరిగ్గా వచ్చింది. ముద్ర పడింది. గోడ గడియారంలో నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలు.

బయటికి వచ్చాక మేస్త్రి నన్ను ఓదార్చలేదు, క్షమించమనీ అడగలేదు. విమానాశ్రయంలోనే ఉన్న తంతి కిటికీ దగ్గరికి నడిపించాడు. కాగితం నా చేతికిచ్చి, "నువ్వే రాయి సీనప్పా" అన్నాడు. నేను వెంటనే కలం పెట్టబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "రాసేముందర ఒగతూరి ఎనక్కి తిరిగి సూడు." తిరిగి చూశాను. పెట్టెలు, తువ్వాళ్ళు, చెమట పట్టిన గుండ్లు, గోవిందు పళ్ళు. అంతవరకూ లెక్క అంటే నాకు చేతివేళ్ళ పని. ఒక్కొక్క ముఖం దగ్గర ఆగి అంకెను పెంచడం ఆ రోజు మొదటిసారి చేశాను. 'సెవెన్ రీచ్‌డ్, దొరస్వామి' అని రాశాను. పోయిన వ్యాను వేరే మనుషుల కోసం మళ్ళీ వచ్చేదాకా రోడ్డుపక్కన కూర్చున్నాం. దాహంగా ఉంది, ఆకలిగా ఉంది. ఎవరూ సణగలేదు.

ఆ తర్వాత మేస్త్రి ఇంకా చాలామందిని వెంట తీసుకుపోయాడు. మొక్కు మాన్పించలేదు, వేళ మార్చాడు. తిరిగి వచ్చాకే తలనీలాలు. ఎవరైనా సందేహిస్తే, "స్వామి ఆగతాడప్పా. ఆపీసరు ఆగడు" అనేవాడు. నేను అక్కడే స్టోర్‌కీపరుగా పందొమ్మిదేళ్ళు పనిచేశాను. ఎన్నో అంకెలు రాశాను. సరుకు అంకెలు తప్పితే దిద్దుకున్నాను, మనుషుల అంకెలు మాత్రం తిరిగి చూడకుండా ఒక్కటీ రాయలేదు. పిల్లల్ని బడి బస్సు ఎక్కించినా, పెళ్ళివాళ్ళను లారీ దించినా, ఈ వయసులోనూ నా మెడ ముందు వెనక్కి తిరుగుతుంది, నోరు తర్వాత తెరుచుకుంటుంది. మా మనవరాలు దీన్ని చాదస్తం అంటుంది. కావచ్చు.

పుత్తూరులో దిగేసరికి తుంపర ఆగింది. కర్మ ముగిశాక మేస్త్రి పెద్దకూతురు మా దగ్గరికి వచ్చి, "కువైటోళ్ళు ఎంతమంది వచ్చినారన్నా? ఆకులెయ్యాల" అని అడిగింది. గోవిందు లెక్క నాకే వదిలి నా వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఒక్కొక్క ముఖం దగ్గర ఆగాను. ఇద్దరు అంతకుముందే పోయారు. మేస్త్రి మూడోవాడు.

1981 అక్టోబరు పద్నాలుగున కువైట్‌లో దిగినవాళ్ళం ఏడుగురం. ఆ రోజే బయటికి వచ్చినవాళ్ళం ఏడుగురం. పుత్తూరులో ఆకుల ముందు కూర్చున్నవాళ్ళం నలుగురం.