అమ్మ చేతికి కట్టిన మిషన్

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెలకు వస్తున్న రోజులు. అమ్మకు బీపీ ఎక్కువగా ఉందని అనంతపురంలో డాక్టరు చెప్పి, రోజూ వేసుకోమని మాత్రలు రాశాడు. అమ్మ ఉండేది గుమ్మఘట్ట దగ్గర పల్లెలో, మా తమ్ముడితో. నేనేమో పెళ్ళయి అనంతపురంలో ఉన్నాను. రోజూ పోయి చూసుకోలేను కదా అని, చేతికి పట్టీ కట్టి బటన్ నొక్కితే అంకెలు చూపించే బీపీ మిషన్ కొనిచ్చాను. అమ్మకు చదువు రాదు గానీ అంకెలు బాగా వచ్చు. పొద్దున్నే చూసుకుని నాకు ఫోన్లో చెప్పాలి. అదీ మా ఒప్పందం.

ఒప్పందం అంటే నేను అరవడం, అమ్మ సరేననడం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మాత్ర మింగితివా?" అని గద్దిస్తే, "మిషన్ ఎంత బాగా చూపిస్తాండాదో ఇను పాపా" అని అంకె చెప్పేది. నిజంగానే బాగుండేది. కొన్నాళ్లకు ఊళ్లో మా ఇంటి పంచ చిన్న ఆస్పత్రి అయిపోయింది. మోకాలు నొప్పని వచ్చినవాళ్లకు కూడా అమ్మ ఆ పట్టీ కట్టేసేది. "ఏం డాక్టరమ్మా, తీరిక దొరికిందా?" అని ఏడిపిస్తే పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు ధైర్యంగా ఉండేది.

ఒక శ్రావణంలో, వేరుశనగ చేలో కలుపు తీస్తూ అమ్మ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఆస్పత్రిలో నేను మిషన్‌ను తిట్టాను, తమ్ముణ్ణి తిట్టాను, దేవుణ్ణీ వదల్లేదు. పొద్దున మంచి అంకె చెప్పిన మనిషి మధ్యాహ్నానికి ఇలా ఎలా పడిపోతుంది?

అమ్మతో కలుపుకు పోయే పక్కింటి పెద్దమ్మ అప్పుడు చెప్పింది.

"మాత్రలు యాడ మింగుతాండాది పాపా? మింగితే మాటిమాటికీ ఒంటికి పోవల్ల. శెనక్కాయ చేన్లో ఆడమనిషికి చాటు యాడుండాది? మిషన్ కట్టుకుంటే చాల్లే అనింది. ఒకతూరి కడితే ఎక్కువ చూపిస్తాది, ఇంకోతూరి కడితే తగ్గుతాది, మూడోతూరికి ఇంకా దిగుతాది. ఆ పట్టీనే చేతిని పిండి బీపీ దించుతాదని మాకంతా చెప్పినాది."

కాసేపు కుదురుగా కూర్చుంటే ఎవరికైనా ఆ అంకె కాస్త దిగుతుందని, మాత్రలు రాసిన డాక్టరు అన్నాడు. అమ్మ నాకు ఒక్క అబద్ధమూ చెప్పలేదు. చివరి అంకె చెప్పింది, అంతే. ఆ మాత్రకు మూత్రం ఎక్కువగా వస్తుందని, ఇబ్బంది ఏమిటో చెప్పి ఉంటే మార్చేవాణ్ణని కూడా ఆయన అన్నాడు. మగ డాక్టరు ముందు ఆ మాట ఎలా చెబుతుంది? నాకు చెప్పుకుందామన్నా సిగ్గుపడి ఉంటుంది. చాటుకు ఒక్క చెట్టయినా లేని ఆ చేలన్నిటి మీదా కోపం వచ్చింది. ఆస్పత్రి వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంటికి తెచ్చాక, ఒక పొద్దున మాత్ర నలిపి నోట్లో వేసి నీళ్లు పట్టాను. ఎలాగో మింగింది. ఎడమచేతికి పట్టీ కట్టి బటన్ నొక్కాను. అంకె చాలా ఎక్కువగా వచ్చింది. అమ్మ దాన్ని చూసి, నా చెయ్యి పట్టుకుని బటన్ దగ్గరికి లాగింది. మళ్ళీ నొక్కాను. కాస్త దిగింది. కదిలే సగం ముఖంతో అమ్మ నవ్వింది. చూశావా అన్నట్టు నా వైపు చూసి, మళ్ళీ చెయ్యి లాగింది.

అది మందు కాదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకోసారి నొక్కాను.