జిలుగు చీర

మా ఇంట్లో జిలుగు అంటే పలుచగా, మెత్తగా ఉండే బట్ట. మంచి నేత చీరను వేళ్లతో తడిమి మా అమ్మమ్మ ఆ మాట అనేది. తళతళ మెరిసే ఆడంబరానికీ అదే మాట వాడతారని తెలుసు కానీ, నా నోట ఆ అర్థంలో ఎప్పుడూ రాలేదు.

కె.ఆర్.పురంలో మేము వెళ్లే చర్చికి ఒక అక్క వస్తుంది. నర్సుగా పనిచేసి రిటైరైంది. భర్త పోయాక తెల్ల చీర తప్ప కట్టలేదు. మొన్న ఈస్టరుకు మొదటిసారి లేత గులాబీ చీరలో వచ్చింది. నేను సంతోషం పట్టలేక అందరి ముందూ ఆమె కొంగు పట్టుకుని, "అబ్బ, ఎంత జిలుగు చీర కట్టుకున్నావక్కా!" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె కొంగు లాక్కుని భుజాల చుట్టూ కప్పుకుంది.

తర్వాతి ఆదివారం మళ్లీ తెల్ల చీరే. అప్పుడు గానీ నాకు వెలగలేదు. హూడిలో ఉన్న ఆమె ఇంటికి వెళ్లి, నా మాటకు అర్థం చెప్పుకున్నాను.

"మెత్తంగా ఉండాదనే తీసుకుంటి. నువ్వట్లనేసరికి, ఈ వయసులో నాకీ మెరుపులేందని సిగ్గాయె. మా చెల్లెలికి ఇచ్చేస్తి," అంది.

"బాగుందనే అన్నానక్కా."

"అయితే బాగుందనే అనాల్సిందప్పా," అని నవ్వి, కాఫీ పెట్టడానికి లేచింది.

ఇంకో చీర కొనిస్తానంటే వద్దంది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె పక్కనే కూర్చుంటున్నాను. ఆ తెల్ల కొంగు నా చేతికి తగిలినప్పుడల్లా తల దించుకుంటాను.