అతుకు కింద పోయిన మా వీధి

మా వదిన ఒకప్పుడు ఈ ఊరిని నిలువునా విప్పి మళ్ళీ కుట్టింది. అబద్ధమాడితే కాన్వెంటులో మోకాళ్ళ మీద నిలబెట్టేవారు కనుక, ఆ భయంతో సగం వెనక్కి తీసుకుంటున్నాను. విప్పింది ఊరిని కాదు, ఊరి పటాన్ని. తర్వాత దాన్ని ఎవరూ కుట్టలేదు, జిగురుతో అంటించారు.

వదిన దర్జీ. మా అన్నయ్య పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్క కుట్టుమిషనుతో పెంచింది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు, మా అన్నయ్యతో సహా. గళ్ళ చొక్కా కుడితే జేబు మీది గడి చొక్కా మీది గడితో కలిసి తీరాలి. వెంట్రుకవాసి తప్పినా మొత్తం విప్పేస్తుంది. ఇల్లూ కొట్టూ మా వీధిలోనే. వీధి వెడల్పు ఆమె లెక్కలో రెండున్నర టేపులు. ముప్పై గడపలు.

ఆ ఏడు మున్సిపాలిటీ వాళ్ళు రాబోయే ఇరవై ఏళ్ళ మాస్టర్ ప్లాన్ సవరిస్తూ వార్డుకో పటం చొప్పున హాల్లో వేలాడదీశారు. అభ్యంతరాలుంటే నెలలోగా రాసివ్వమన్నారు. వదినా నేనూ వెళ్ళి చూస్తే మార్కెట్టు ఉంది, స్కూలు ఉంది, మా వీధి లేదు! రెండు వరసల ఇళ్ళూ ఒకదానికొకటి ఆనుకుపోయి ఉన్నాయి. దారి లేని ఇళ్ళు కనుక వాటిని తీసేసి మార్కెట్టు షెడ్డు వేస్తారట.

"వీధి నంబరు చెప్పండమ్మా, కాగితంలో వెయ్యాలి," అన్నాడు గుమాస్తా.

"పదిహేడు."

"పటంలో పదహారు తర్వాత పద్దెనిమిదే ఉంది. లేని వీధి మీద అభ్యంతరం తీసుకోం."

"మరి నేనెక్కణ్ణుంచి వచ్చాను నాయనా? ఆకాశంలోంచి ఊడిపడ్డానా?"

"అది మా సెక్షన్ కాదమ్మా."

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. నాలుగోసారి బయల్దేరుతుంటే, "పోనీలే వదినా," అన్నాను.

"నువ్వు పోనీలే అన్నవన్నీ నేనే అతుకేసి ఇచ్చాను మరిదీ, నీ పంట్లాంతో సహా. పద!"

ఆ రోజు పటానికి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడింది. మధ్యలో రెండు కాగితాలు అతికిన చోట వేలు పెట్టింది. ఏటవాలుగా వస్తున్న కాలువ గీత అక్కడ తెగి, పావు అంగుళం కిందికి జరిగి మళ్ళీ మొదలైంది.

"గళ్ళు కలవలేదు చూశావా? అతికినవాడు మడత ఎక్కువ తీసుకున్నాడు. మన వీధి లోపల ఉంది."

పటంలో అంగుళానికి యాభై అడుగులు. పావు అంగుళానికి పన్నెండున్నర. టేపు ఐదడుగులు. ఎటు లెక్కేసినా రెండున్నర టేపులే.

ఆఖరి రోజు అందరి మాటా వింటామని అదే హాల్లో సభ పెట్టారు. వదిన తడిగుడ్డ పట్టుకుని లేచింది.

"సార్, ఇది విప్పాలి."

"అమ్మా, అది సర్కారు పటం. ముట్టుకోకూడదు!" అన్నాడు ప్లానింగు అధికారి.

"కుట్టినవాడు బిగుతుగా కుడితే తొడుక్కునేవాడు ఊపిరి మానేయాలా సార్?" అంటూనే తడిగుడ్డ అతుకు మీద ఒత్తింది.

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. పాపం వాళ్ళ యూనిఫాంలు కుట్టి వారమైంది, తీసుకెళ్ళడానికి రావట్లేదు."

జిగురు మెత్తబడి అంచు లేచింది. కింద మా వీధి కనబడింది, ముప్పై గడపలకూ దారి చూపిస్తూ, మూలన కుళాయితో సహా. కుళాయి కారుతున్నది కూడా కనబడిందని నేను పదిమందికి చెప్పాను. అదీ వెనక్కి తీసుకుంటున్నాను.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. గుమాస్తాను పిలిచి కాగితం రాసుకోమన్నాడు.

"వీధి నంబరెంతమ్మా?" అన్నాడు గుమాస్తా, మొదటిసారి అడుగుతున్నట్టు.

"పదిహేడు," అంది వదిన.

షెడ్డు మార్కెట్టు వెనక ఖాళీ జాగాలోకి జరిగింది.

ఇదంతా రాసి, నిన్న ఆమె కొట్టు గడప మీద కూర్చుని చదివి వినిపించాను. మిషను ఆపకుండా విని, చివర్న దారం పుటుక్కున కొరికింది.

"అన్నీ కోతలే. నేను ఆ హాలు గడపే తొక్కలేదు. ఆ రోజంతా ఈ మిషను ముందే ఉన్నాను. పటమూ లేదు, విప్పడమూ లేదు. మన వీధి ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు."